కాపలా కాసే జన్యువు: లాంబ్డా ఫేజ్ జీవితంలో నియంత్రణ



మా మాస్టారి పేరిట జరుగుతున్న ఈ స్మారకోపన్యాసానికి విషయం ఎంచుకునే స్వేచ్ఛ నిర్వాహకులు నాకే వదిలేశారు. నేను వెతుక్కోవలసిన అవసరం రాలేదు. మాస్టారు సూక్ష్మజీవుల జన్యుశాస్త్రం బోధించినన్నాళ్లూ అన్నిటికంటే ప్రేమగా చెప్పిన పాఠం లాంబ్డా ఫేజ్. ఒక జన్యువు ఏం చేస్తుందో చెప్పి కూర్చోబోయిన విద్యార్థిని ఆయన కూర్చోనిచ్చేవారు కాదు. అది ఎప్పుడు చేస్తుంది, ఏది పురమాయిస్తే చేస్తుంది, ఏది అడ్డుకుంటే మానేస్తుంది అని వరసగా అడిగేవారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితేనే జన్యువు అర్థమైనట్టు అని ఆయన నమ్మకం. శాస్త్రం కూడా లాంబ్డా దగ్గరే ఆ ప్రశ్నలు అడగడం నేర్చుకుంది.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒకటే. బాక్టీరియాలో వైరస్ మౌనంగా ఉందంటే, ఆ మౌనాన్ని ఒక జన్యువు ప్రతి క్షణం పనిచేసి నిలబెడుతోందని అర్థం. తరతరాలుగా అంత గట్టిగా నిలబెట్టే ఆ ఏర్పాటులోనే, అవసరమైతే గంటలోపల అంతా వదిలేసే వీలు కూడా ఉంది. నిలకడకీ మార్పుకీ మూలం ఒకే చోట ఉండటం ఎలా సాధ్యమైందన్నదే నా విషయం.

కనిపించని అతిథి

బాక్టీరియాను తినే వైరస్‌లను 1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వోర్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ దెరెల్ విడివిడిగా గమనించారు. బాక్టీరియోఫేజ్ అన్న పేరు దెరెల్ పెట్టిందే. ఫేజ్ కణంలోకి వెళుతుంది, తనలాంటివాటిని తయారుచేసుకుంటుంది, కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇంతవరకూ చిక్కు లేదు. కానీ కొన్ని బాక్టీరియాలు ఏ ఫేజూ తగలకుండానే, తరాల తరబడి బాగా పెరుగుతూనే, అప్పుడప్పుడు ఫేజ్‌ను బయటపెట్టేవి. ఈ గుణానికి లైసోజెనీ అని పేరు. దీన్ని చాలాకాలం పెద్దవాళ్లే నమ్మలేదు. బయటినుంచి వచ్చిపడిన ఫేజ్‌తో కల్చర్ కలుషితమైందని కొట్టిపారేసేవారు. ఫేజ్ పరిశోధనకు దిశ చూపిన మాక్స్ డెల్బ్రూక్ కూడా అనుమానించినవారిలో ఒకరు. ఆయన బృందం ఎంచుకున్న టీ వరస ఫేజ్‌లన్నీ కణాన్ని చంపేవే కాబట్టి, వాటిలో ఈ గుణం కనిపించే వీలే లేదు.

పారిస్ పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో, అటక కింద ఉన్న ప్రయోగశాలలో ఆంద్రే ల్వోఫ్ ఈ తగవు తీర్చారు. ఆయన బాసిల్లస్ మెగాథీరియం కణాన్ని ఒక్కదాన్నే సూక్ష్మమైన బిందువులో ఉంచి, సూక్ష్మదర్శిని కింద అది విభజన చెందడాన్ని కనిపెట్టి చూశారు. పుట్టిన పిల్లకణాలను వేరుచేస్తూ, చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి పరీక్షిస్తూ పోయారు. ద్రవంలో ఫేజ్ లేదు. కణాలు మాత్రం ఫేజ్‌ను పుట్టించే శక్తిని తరం తర్వాత తరం అందుకుంటున్నాయి. ఎప్పుడో ఒక కణం పగిలితేనే ఫేజ్ బయటపడుతోంది. అంటే కణంలో ఉన్నది ఫేజ్ కాదు, ఫేజ్ కాగలిగినది. ల్వోఫ్ దానికి ప్రోఫేజ్ అని పేరు పెట్టారు. 1950లో ఆయన బృందం ఆ కణాలకు కొద్దిపాటి అతినీలలోహిత కాంతి చూపించింది. గంటా ఆ పైన సమయంలో దాదాపు కణాలన్నీ పగిలి, ద్రవం ఫేజ్‌తో నిండిపోయింది.

ఆ రోజుల్లోనే అమెరికాలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎస్తర్ లెడర్‌బర్గ్ ఈ.కోలై కే-12 రకం మీద పనిచేస్తున్నారు. ఆ రకాన్ని 1922లో ఒక రోగి నుంచి వేరుచేశారు. అప్పటినుంచి ఎన్నో ప్రయోగశాలలు దాన్ని పెంచుతూనే ఉన్నాయి, దానిలో ఫేజ్ ఉన్న సంగతి ఎవరూ ఎరగరు. అతినీలలోహిత కాంతి తగిలి బతికిన ఒక ఉపరకాన్ని మాతృరకంతో కలిపి పెంచినప్పుడు, బాక్టీరియా పొర మీద గుండ్రని ఖాళీలు ఏర్పడటం ఆమె గమనించారు. ఫేజ్ కణాలను తినేసిన ఆ జాగాలనే ప్లేక్‌లంటాం. మాతృరకంలో ఏళ్ల తరబడి మౌనంగా ఉన్న ప్రోఫేజ్‌ను, అది పోగొట్టుకున్న ఉపరకం బయటపెట్టింది. ఆ ఫేజే లాంబ్డా.

అడ్డుకునేది ఏదో ఉంది

ప్రోఫేజ్ ఎందుకు ఊరుకుంటోంది? ఫ్రాన్స్వా జాకబ్, ఎలీ వోల్‌మన్ చేసిన ప్రయోగం ఈ ప్రశ్నకు దారి చూపింది. బాక్టీరియాలో మగ రకం తన డీఎన్ఏను ఆడ రకంలోకి పంపగలదు. మగ కణంలో ప్రోఫేజ్ ఉండి, ఆడ కణంలో లేకపోతే, ప్రోఫేజ్ అటు చేరగానే విజృంభించి ఆ కణాన్ని చంపేస్తుంది. ఆడ కణంలో ముందే ప్రోఫేజ్ ఉంటే ఏమీ జరగదు. వెళ్లింది అదే డీఎన్ఏ. తేడా అంతా అది చేరిన కణంలోని ద్రవంలో ఉంది. ప్రోఫేజ్ ఉన్న కణంలో దాని జన్యువులను అడ్డుకునే పదార్థం ఏదో తిరుగుతోంది. లేని కణంలో అది లేదు. ప్రోఫేజ్ ఉన్న కణం మీదికి బయటినుంచి మరో లాంబ్డా వచ్చిపడినా ఏమీ చెయ్యలేకపోవడానికి కారణం కూడా ఇదే. వచ్చినదాన్ని ఆ పదార్థమే పట్టి ఆపుతుంది.

ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువేదో 1957లో డేల్ కైజర్ తేల్చారు. మామూలు లాంబ్డా ప్లేక్ మధ్యలో మసకగా ఉంటుంది. ఫేజ్‌ను లోపల దాచుకుని బతికిపోయిన కణాలు అక్కడ పెరుగుతుండటమే ఆ మసకకు కారణం. కైజర్ తేటగా కనిపించే ప్లేక్‌లను ఏరి, వాటిలో లోపం మూడు జన్యువుల్లో ఉందని చూపించారు: సీ1, సీ2, సీ3. సీ2, సీ3 చెడిన ఫేజ్ మౌనస్థితికి చేరడం అరుదు, కానీ ఒకసారి చేరితే హాయిగా నిలుస్తుంది. సీ1 చెడితే మౌనం అసలే సాధ్యం కాదు. మౌనాన్ని నెలకొల్పడం ఒక పని, నిలబెట్టడం మరో పని అని, ఆ రెండూ వేర్వేరు జన్యువుల చేతుల్లో ఉన్నాయని దీంతో తెలిసింది.

అదే అటక కింద నడవా రెండో చివర జాక్ మోనో బృందం లాక్టోజ్ చక్కెరను అరిగించే ఎంజైముల మీద పనిచేస్తోంది. చక్కెర లేనప్పుడు ఆ జన్యువులు ఊరుకుంటాయి, ఉన్నప్పుడు లేస్తాయి. ఫేజ్‌కీ చక్కెరకీ సంబంధం ఏమిటి? 1958లో ఒక సినిమా హాల్లో కూర్చుని ఉండగా రెండూ ఒకే సూత్రమని తనకు తట్టిందని జాకబ్ తన ఆత్మకథలో రాసుకున్నారు. జన్యువుల్లో కొన్ని కణానికి కావలసిన సరుకు తయారుచేస్తాయి, కొన్ని తోటి జన్యువుల పని నడిపిస్తాయి లేదా ఆపుతాయి. 1961లో జాకబ్, మోనో ప్రకటించిన ఆపెరాన్ సిద్ధాంతానికి బీజం అదే. 1965 నోబెల్ బహుమతిని ల్వోఫ్, జాకబ్, మోనో ముగ్గురూ పంచుకున్నారు. 1967లో హార్వర్డ్‌లో మార్క్ టాష్నీ సీ1 తయారుచేసే ప్రోటీన్‌ను, అంటే లాంబ్డా రిప్రెసర్‌ను, వేరుచేసి అది లాంబ్డా డీఎన్ఏకు నేరుగా అంటుకుంటుందని నిరూపించారు.

లోపలికి వెళ్లాక మొదటి నిమిషాలు

లాంబ్డా డీఎన్ఏ పొడవు 48,502 బేస్ జతలు. ఫ్రెడ్ సాంగర్ బృందం దాని వరసనంతా 1982లో ప్రచురించింది. ఫేజ్ తలలో పొడవుగా ఉండే ఈ డీఎన్ఏ కణంలోకి చేరగానే, దాని రెండు కొసల్లో ఉన్న 12 అక్షరాల అంటుముక్కలు ఒకదాన్నొకటి పట్టుకోవడంతో వలయంగా మారుతుంది. ఆపైన బాక్టీరియా సొంత ఆర్ఎన్ఏ పాలిమరేజే దాన్ని చదవడం మొదలుపెడుతుంది. ఎడమ వైపు పీఎల్, కుడి వైపు పీఆర్ అనే రెండు ప్రమోటర్ల నుంచి, అంటే చదువు మొదలయ్యే చోట్ల నుంచి, చదువు సాగుతుంది. ఎడమ వైపు చదివితే ఎన్ ప్రోటీన్, కుడి వైపు చదివితే క్రో ప్రోటీన్ వస్తాయి. అక్కడికి రెండు దారులూ ఆగిపోతాయి. ముందున్న డీఎన్ఏలో ఆపమనే గుర్తులున్నాయి, వాటి దగ్గర రో అనే బాక్టీరియా ప్రోటీన్ పాలిమరేజ్‌ను ఆపేస్తుంది. రోను 1969లో జెఫ్రీ రాబర్ట్స్ కనుక్కున్నదీ లాంబ్డాతో పనిచేస్తూనే.

ఇక్కడ ఎన్ రంగంలోకి వస్తుంది. కొత్తగా పుట్టిన ఆర్ఎన్ఏ మీద నట్ అనే చోటును పట్టుకుని, బాక్టీరియా సహాయక ప్రోటీన్లతో కలిసి పాలిమరేజ్‌కు తోడవుతుంది. అలా తోడున్న పాలిమరేజ్ ఆపే గుర్తులను లెక్కచేయదు. లాకులు ఎత్తితే కాలువ నీరు చివరి ఆయకట్టు దాకా పారినట్టు, చదువు తర్వాతి జన్యువుల మీదికి సాగిపోతుంది. ఎడమ వైపు సీ3, కుడి వైపు సీ2, డీఎన్ఏ నకళ్లు తీసే ఓ, పీ, చివరికి క్యూ అప్పుడే వెలుగు చూస్తాయి. ఈ రంగంలో భారతీయ శాస్త్రవేత్తల పాలు చెప్పుకోదగ్గది. శంకర్ ఆధ్య తన సహచరులతో కలిసి 1974లో ఎన్ పనితీరును వివరించిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. అసిస్ దాస్ ఎన్ యంత్రాంగం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మన హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో రంజన్ సేన్ బృందం పీ4 అనే మరో ఫేజ్ తయారుచేసే ప్సు ప్రోటీన్ నేరుగా రోనే పట్టుకుని పని చేయనివ్వదని చూపింది. ఒకే అడ్డును రెండు ఫేజ్‌లు రెండు రకాలుగా దాటడం నేర్చుకున్నాయన్నమాట.

రెండు దారులు చీలే చోటు

ఇప్పుడు కణం ముందు రెండు దారులున్నాయి. ఏ దారిలో పోయేదీ సీ2 ప్రోటీన్ ఎంత నిలుస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బాక్టీరియాలో ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ప్రోటీన్ కోసే ఎంజైము ఉంది. అది సీ2ను నిమిషాల్లో ముక్కలు చేస్తుంది. సీ3 ఆ ఎంజైముకు అడ్డుపడి సీ2ను కాపాడుతుంది. సీ2 నిలిస్తే మూడు పనులు ఒకేసారి చేస్తుంది: సీ1 రిప్రెసర్‌ను పెద్ద ఎత్తున తయారు చేయిస్తుంది, ఫేజ్ డీఎన్ఏను బాక్టీరియా డీఎన్ఏలో అతికించే ఇంట్ ఎంజైమును పుట్టిస్తుంది, క్యూ జన్యువుకు ఎదురుగా ఒక ఆర్ఎన్ఏను చదివించి క్యూను తగ్గిస్తుంది. అప్పుడు లాంబ్డా బాక్టీరియా క్రోమోజోములో, గెలాక్టోజ్, బయోటిన్ జన్యువుల మధ్య ఉన్న ఒక నిర్ణీత చోట చేరిపోతుంది. వలయం ఒక్క తెగుదలతో అలా చేరుతుందని 1962లో అలన్ క్యాంప్‌బెల్ ఊహించారు, తర్వాతి ప్రయోగాలు దాన్ని నిజం చేశాయి.

సీ2 నిలవకపోతే రిప్రెసర్ చాలినంత తయారుకాదు. క్రో పేరుకుంటుంది, క్యూ పేరుకుంటుంది. క్యూ కూడా ఎన్ లాగే పాలిమరేజ్‌ను ఆగకుండా నడిపిస్తుంది, కానీ చివరి జన్యువుల మీద. తలలు, తోకలు, కణం గోడను పగలగొట్టే ప్రోటీన్లు వరసగా పుడతాయి. శరీర ఉష్ణోగ్రత దగ్గర సుమారు ముప్పావు గంటలో కణం పగిలి వంద దాకా కొత్త ఫేజ్‌లు బయటపడతాయి.

బాక్టీరియా ఆకలితో ఉంటే ఫేజ్ మౌనం వైపు మొగ్గుతుంది. ఒకే కణంలోకి ఎక్కువ ఫేజ్‌లు వెళ్లినా అంతే. చాలా ఫేజ్‌లుంటే సీ2, సీ3 జన్యువుల నకళ్లు ఎక్కువ, కాబట్టి సీ2 కూడా ఎక్కువ నిలుస్తుంది. ఇందులో తెలివైన ఎత్తుగడ ఉంది. ఫేజ్‌లు ఎక్కువై బాక్టీరియాలు తక్కువైన చోట అందరినీ చంపేస్తే రేపు తినడానికేమీ మిగలదు. అయితే ఎవరూ లెక్కవేయడం లేదు. కొన్ని ప్రోటీన్ల పుట్టుక, చావు, వాటి వేగాల మధ్య పోటీ, ఇదే ఆ లెక్క. 2010లో లాన్‌యింగ్ జెంగ్, ఇడో గోల్డింగ్ బృందం ఒక్కొక్క కణాన్ని విడిగా చూసి, లోపలికి వెళ్లిన ప్రతి ఫేజూ దాదాపు విడిగానే తేల్చుకుంటుందని, అన్నీ మౌనం వైపు మొగ్గితేనే కణం బతుకుతుందని కనుగొంది.

నిలబెట్టడం, వదిలేయడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సీ2 పని కొద్దిసేపే. తర్వాత మౌనమంతా రిప్రెసర్ భుజాల మీదే. రిప్రెసర్ జన్యువుకీ క్రో జన్యువుకీ మధ్య ఉన్న చిన్న జాగాలో రెండు ప్రమోటర్లు వెన్నుకు వెన్ను ఆనించి ఉన్నాయి. ఒకటి క్రో వైపు చదివిస్తుంది, ఒకటి రిప్రెసర్ వైపు. ఆ జాగాలోనే ఓఆర్1, ఓఆర్2, ఓఆర్3 అనే మూడు ఆపరేటర్లు, అంటే ప్రోటీన్లు పట్టుకునే చోట్లు, ఉన్నాయి, ఒక్కొక్కటి 17 బేస్ జతల పొడవు. రిప్రెసర్ జంటలుగా వచ్చి ముందు ఓఆర్1ను పట్టుకుంటుంది. అక్కడ కూర్చున్న జంట తన పక్కన ఓఆర్2 మీదికి రెండో జంటను లాక్కుంటుంది. ఈ రెండు జంటలూ క్రో వైపు చదువును పూర్తిగా ఆపేస్తాయి. అంతటితో ఆగకుండా, ఓఆర్2 మీది జంట పాలిమరేజ్‌ను తాకి రిప్రెసర్ వైపు చదువును సుమారు పది రెట్లు పెంచుతుంది. అంటే రిప్రెసర్ శత్రువును ఆపుతూనే తన పుట్టుకకు తానే ఊతం ఇస్తుంది. కణంలో అది మరీ ఎక్కువైతే ఓఆర్3ను కూడా పట్టుకుని తన పుట్టుకను తానే తగ్గించుకుంటుంది. ఎడమ వైపు పీఎల్ దగ్గరి ఆపరేటర్ల మీది రిప్రెసర్లతో చేతులు కలిపి డీఎన్ఏను ఉచ్చులా వంచడం వల్లే ఇది సాధ్యమవుతుందని ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఇయాన్ డాడ్, బారీ ఈగన్ బృందం 2001లో వివరించింది.

కణం విభజన చెందినప్పుడు రిప్రెసర్ అణువులు రెండు కణాలకూ పంచబడతాయి, లోటు మళ్లీ పూడుకుంటుంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా మారకుండానే ఈ స్థితి వేల తరాలు సాగుతుంది. మౌనం ఊరికే కొనసాగడం లేదని నేను మొదట చెప్పింది ఇందుకే. ఆ పని ఒక్క పూట ఆగితే చాలు, ఫేజ్ లేస్తుంది.

ఆగేది ఎప్పుడు? బాక్టీరియా డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు. అతినీలలోహిత కాంతో, డీఎన్ఏను గాయపరిచే మందో తగిలితే, తెగిన పోగుల మీద రెక్ఏ అనే ప్రోటీన్ బారులు తీరుతుంది. మరమ్మతు మొదలుపెట్టే ఆ ప్రోటీన్ తాకితే రిప్రెసర్ తనను తానే మధ్యకు కోసుకుంటుంది. తెగిన ముక్కలు జంట కట్టలేవు, డీఎన్ఏను వదిలేస్తాయి. రిప్రెసర్ జంటలు ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటూ కూర్చుంటాయి కాబట్టి, ఆ బలం కొంత తగ్గినా క్రో వైపు దారి తెరుచుకుంటుంది. క్రో కూడా అవే మూడు ఆపరేటర్లను పట్టుకుంటుంది, కానీ దానికి అన్నిటికంటే ఇష్టమైనది ఓఆర్3. అక్కడ కూర్చుని రిప్రెసర్ పుట్టుకను ఆపేస్తుంది. ఇక వెనక్కి తిరగడం లేదు. ఇంట్, జిస్ ప్రోటీన్లు ఫేజ్ డీఎన్ఏను క్రోమోజోము నుంచి విడదీస్తాయి, పని మొదలవుతుంది. మునిగే పడవను వైరస్ గుర్తుపట్టడానికి పడవ సొంత ప్రోటీన్‌నే వాడుకుంటోంది. అవే మూడు చోట్లు, రెండు ప్రోటీన్ల ఇష్టాయిష్టాల క్రమం తలకిందులు, అంతే తేడా. నిలకడ, మార్పు రెండిటి మూలం ఇదే.

ఇతర ఫేజ్‌లు ఇదే సమస్యకు వేరే జవాబులు వెతుక్కున్నాయి. 2017లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రోటెమ్ సోరెక్ బృందం బాసిల్లస్‌ను సోకే కొన్ని ఫేజ్‌లు ఆరు ఎమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్‌ను బయటికి వదులుతాయని కనుగొంది. చుట్టుపక్కల ఆ పెప్టైడ్ ఎక్కువైందంటే ముందే చాలా కణాలు చచ్చాయని లెక్క. అప్పుడు తర్వాత వచ్చిన ఫేజ్ చంపడం మాని మౌనం పడుతుంది.

ఆసుపత్రి దాకా

ఇది కేవలం పరీక్షనాళిక కథ అనుకునేవారికి ఒక మాట. గొంతుకు వచ్చే డిఫ్తీరియా విషం బాక్టీరియాది కాదు, దానిలోని ప్రోఫేజ్‌ది అని 1951లో తెలిసింది. కలరా విషం జన్యువులు కూడా ఒక ఫేజ్ మోసుకొచ్చినవేనని 1996లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలనోస్ నిరూపించారు. 1982లో అమెరికాలో గుర్తించిన ఈ.కోలై ఓ157 రకం రక్త విరేచనాలు, మూత్రపిండాల వైఫల్యం తెస్తుంది. దాని షీగా విషం జన్యువులు లాంబ్డా బంధువైన ప్రోఫేజ్‌లో, క్యూ నడిపించే చివరి జన్యువుల వరసలోనే ఉన్నాయి. ప్రోఫేజ్ లేస్తేనే విషం పెద్ద ఎత్తున పుడుతుంది, కణం పగిలితేనే బయటికొస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు బాక్టీరియా డీఎన్ఏను దెబ్బతీస్తాయి. రెక్ఏ లేస్తుంది, రిప్రెసర్ తెగుతుంది, విషం పెరుగుతుంది. ఎలుకల మీద 2000లో ప్రచురించిన ప్రయోగాలు ఇదే చూపాయి. ఈ వ్యాధిలో యాంటీబయాటిక్‌ల విషయంలో వైద్యులు వెనకాడటానికి ఇదో ముఖ్య కారణం. లాంబ్డా ఆపరేటర్ మీద రిప్రెసర్ కూర్చునే తీరు తెలియకుండా ఆ జాగ్రత్త అర్థం కాదు.

ఇదే జ్ఞానం మరోవైపు నుంచి ప్రాణం కాపాడటానికీ పనికొస్తోంది. ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత మైకోబాక్టీరియం అబ్‌సెస్సస్ సోకి మందులన్నీ విఫలమైన 15 ఏళ్ల అమ్మాయికి లండన్‌లో ఫేజ్ చికిత్స ఇచ్చారు. పిట్స్‌బర్గ్‌లో గ్రాహం హాట్‌ఫుల్ బృందం ఆమె బాక్టీరియాకు సరిపోయే మూడు ఫేజ్‌లను తమ సేకరణలోంచి వెతికి తీసింది. ఒకటి దక్షిణాఫ్రికాలో ఒక విద్యార్థిని కుళ్లిన వంకాయ నుంచి వేరుచేసిన మడ్డీ. అది సహజంగానే చంపే రకం. మిగతా రెండూ మౌనం పట్టగలిగేవి. వాటిని అలాగే ఇస్తే బాక్టీరియాలో దాక్కుని, దానికి రక్షణ కల్పించే ప్రమాదం ఉంది. అందుకని ఆ రెండిటిలోనూ రిప్రెసర్ జన్యువును తొలగించి, దాక్కునే దారి లేని ఫేజ్‌లుగా మార్చి వాడారు. నెలల్లో ఆమె శస్త్రచికిత్స గాయం మాని ఆరోగ్యం మెరుగైంది. ఆ వివరాలు 2019లో ప్రచురించారు. 1957లో కైజర్ తేట ప్లేక్‌లలో చూసిన లోపాన్నే ఇక్కడ శాస్త్రవేత్తలు కోరి తెచ్చిపెట్టారు.

విద్యార్థులకు

మనం చదివే బాక్టీరియా జీనోముల్లో చాలావాటిలో ప్రోఫేజ్‌లున్నాయి. మన ఆసుపత్రుల్లో మందులకు లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్‌లలో ఉన్నాయి. వాటిలో ఎన్నిటికో రిప్రెసర్ ఏదో, అది ఎప్పుడు తెగుతుందో, ఏ మందు తాకితే ఏ జన్యువు లేస్తుందో ఇంకా ఎవరూ పరీక్షించలేదు. వరస చదవడం ఈ రోజుల్లో సులువు. వరసలో మౌనంగా కనిపించే ప్రతి జన్యువు వెనకా ఏది పనిచేస్తోందని అడగడం కష్టం. ఆ పని ఖరీదైన యంత్రాలకంటే ముందు ఓపికనీ, మసక ప్లేక్ మధ్యలో తేట ప్లేక్‌ను గుర్తుపట్టే కన్నునీ కోరుతుంది. రెండూ జిల్లా కళాశాల ప్రయోగశాలలో కూడా అలవడతాయి. మాస్టారు ఎంతోమందికి అలవరచి చూపించారు.

ఏ బాక్టీరియాకైనా మందు ఇచ్చేముందు అందులో ఏ వైరస్‌ను ఏ ప్రోటీన్ అణిచిపెట్టి ఉంచిందో తెలుసుకునే రోజు రావాలి. ఆ రోజును మీలో కొందరు తెస్తారని నేను నమ్ముతున్నాను.